లెన్సులోనైనా తెరమీదైనా బొమ్మ తేటపడాలంటే

ఫోటో మసకగా వచ్చినా, ప్రొజెక్టరు బొమ్మ వెలవెలబోయినా, పరికరం పాతబడిపోయిందనీ కొత్తది కొనవలసిందేననీ అనుకోవడం మనకు అలవాటు. శ్రీకాకుళంలో భౌతికశాస్త్రం బోధిస్తూ, సెలవు దొరికినప్పుడల్లా పొందూరు ఖద్దరునూ తేలినీలాపురం పక్షులనూ ఫోటోలు తీస్తూ వచ్చిన నాకు ఇన్నేళ్లలో రూఢిగా తెలిసిన సంగతి ఒకటుంది. రాకూడని వెలుగు రాకూడని చోట చేరడం వల్లనే బొమ్మ ఎక్కువసార్లు చెడిపోతుంది. నల్లగా ఉండవలసిన చోట బూడిదరంగు పరుచుకుంటే, ఎంత ఖరీదైన లెన్సు తెచ్చిన వివరమైనా ఆ మంచుపొరలో కలిసిపోతుంది.

మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు ఉదయకిరణాలు అరసవల్లి సూర్యనారాయణస్వామి మూలవిరాట్టు పాదాలను తాకడం చూసినవారికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. ఆ కొద్ది నిమిషాల వెలుగు అంత స్పష్టంగా కనబడడానికి చుట్టూ ఉన్న గర్భాలయపు చీకటి సగం కారణం. అవే కిరణాలు బయట ఆవరణలో నేలమీద పడితే వాటిని వేరుగా గుర్తుపట్టలేము. లెన్సులు తయారుచేసేవారు గొట్టం లోపలి గోడలకు మెరవని నల్లరంగు పూసి, సన్నని మెట్లలాంటి గాడులు తీసేది కూడా అటువంటి చీకటిని కాపాడుకోవడానికే. కాబట్టి వెలుగు నడిచే దారి వెంటే, ముందుగాజు దగ్గర మొదలుపెట్టి తెర దాకా, ఎక్కడ ఏమి సరిచేసుకోవాలో చూద్దాం.

తేమ, బూజు, తుడిచే పద్ధతి

మొదట లెన్సు స్థితి తెలుసుకోవాలి. గదిలో దీపాలు ఆర్పి, లెన్సు రెండు మూతలూ తీసి, ఎపర్చరును (వెలుగు లోపలికి వచ్చే, చిన్నదీ పెద్దదీ చేయగల రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి, వెనుకవైపు నుంచి ఫోను టార్చిని ఏటవాలుగా వేసి, ముందువైపు నుంచి చూడండి. టార్చి వెలుగు నేరుగా కంట్లో పడనీయకండి. అక్కడక్కడా చుక్కల్లా కనిపించేది దుమ్ము. నాలుగైదు దుమ్ము రేణువుల వల్ల బొమ్మకు కలిగే నష్టం దాదాపు ఏమీ ఉండదు, వాటి కోసం లెన్సు విప్పించవద్దు. వేలిముద్ర జిడ్డు, లోపలి గాజుమీద పలచటి పొగలాంటి పొర, సాలెగూడులా అల్లుకున్న బూజు, ఈ మూడే నిజమైన శత్రువులు. ఇవి వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టి బొమ్మ అంతటా పరుస్తాయి.

మనది సముద్రతీరం కనుక బూజు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత చాలాకాలం 60, 65 శాతానికి మించి ఉంటే లెన్సులో బూజు పెరిగే అవకాశం ఉంటుంది. అది గాజుమీది పూతను తినివేసిన తరువాత ఎంత శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. 40 నుంచి 50 శాతం ఆర్ద్రతలో లెన్సులను దాచుకోవడం మేలు. దానికి ఖరీదైన అలమారా అక్కరలేదు. మూతకు రబ్బరు చుట్టు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ సంచి, చిన్న ఆర్ద్రతామాపకం ఉంటే చాలు. నీలిరంగు సిలికా జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం ఉంటుంది కనుక, తేమ పీల్చినప్పుడు నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకాన్ని ఎంచుకోండి. రంగు మారిన గుళికలను వంటకు వాడని మూకుడులో సన్నని సెగమీద వేడిచేస్తే మళ్లీ పనికివస్తాయి. లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువా అడుగున దాచడం మాత్రం బూజును పిలిచి పీట వేసినట్టే.

బూజు పట్టిన లెన్సును ఎండలో పెట్టమని చెప్పేవారున్నారు. అతినీలలోహిత కిరణాలు బూజు పెరుగుదలను ఆపవచ్చు గాని, అల్లుకున్న పోగులను తీసివేయవు. పైగా ఎండకు ఎదురుగా పెట్టిన లెన్సు తన వెనుక ఉన్న గుడ్డకు నిప్పంటించగలదు. లోపల బూజు ఉంటే విప్పి తుడవడమొక్కటే మార్గం, అది ఇంట్లో చేసే పని కాదు. గాజులను తిరిగి బిగించేటప్పుడు వాటి కేంద్రాలు ఒకే అక్షం మీదికి రాకపోతే, బూజు పోయినా బొమ్మలో ఒక మూల శాశ్వతంగా మసకబారుతుంది.

పైగాజు తుడవడం మనమే చేసుకోవచ్చు, అయితే క్రమం తప్పకూడదు. ముందు రబ్బరు బ్లోయరుతో గాలి ఊది ఇసుకను దులపాలి. తరువాత మెత్తని కుంచెతో తాకీ తాకనట్టు ఊడ్వాలి. అప్పటికీ జిడ్డు మిగిలితేనే, లెన్సు కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడిపి, మధ్యనుంచి అంచులవైపు చుట్లు తిప్పుతూ తుడవాలి. చుక్కను కాగితంమీదే వేయాలి. గాజుమీద వేస్తే అంచు సందులోంచి లోపలికి జారుతుంది. ఒకసారి నా లెన్సును ఒక మరమ్మతు దుకాణంలో ఇస్తే, కుర్రవాడు నా కళ్లముందే దానిని చొక్కా కొంగుతో గట్టిగా రుద్దాడు. కళింగపట్నం ఇసుక రేణువు ఒకటి ఆ గుడ్డకు గాజుకు మధ్య ఉండిపోయి, పూత మీద చంద్రవంకలాంటి గీత గీసింది. ఎదురెండలో తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ గీత ఈనాటికీ వెలుగును చిమ్ముతుంది.

ఏసీ కారులో బారువ తీరానికి వెళ్లి దిగిన వెంటనే కెమెరా బయటకు తీస్తే, చల్లని గాజుమీద ఆవిరి పడుతుంది. దిగకముందే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి ఉంచి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయండి.

గాజు ప్రతిఫలించే వెలుగు

వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో తెలిపే అంకె) 1.5 ఉన్న మామూలు గాజు, పూత లేకపోతే, తనమీద నిటారుగా పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కు పంపుతుంది. గాలి, గాజు కలిసే ముఖాలు పది ఉన్న లెన్సులో ప్రతిదాని దగ్గరా ఈ వంతు పోతే చివరికి దాటేది 66 శాతమే. పోయిన వెలుగు పూర్తిగా బయటకు పోయినా బాధ లేదు. అందులో కొంత గాజుల మధ్య అటూ ఇటూ తిరిగి, బొమ్మను గ్రహించే సెన్సర్ మీద పడి, ఎదురుగా దీపం ఉన్నప్పుడు గుండ్రని వెలుగు మచ్చలుగా, ఆకాశం ఉన్నప్పుడు పలచని తెల్లటి పొరగా మారుతుంది.

దీనికి విరుగుడుగా 1935లో జర్మనీ లెన్సుల సంస్థ జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా పలచటి పూత పద్ధతికి పేటెంటు సాధించాడు. గాజుమీద తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందంగా పూత వేస్తే, పూత పైముఖం నుంచి, అడుగుముఖం నుంచి తిరిగివచ్చే తరంగాలు ఒకదానికొకటి ఎదురై అణగిపోతాయి. మెగ్నీషియం ఫ్లోరైడు పూతకు ఆ మందం ఆకుపచ్చ వెలుగు లెక్కన సుమారు 100 నానోమీటర్లు. ఒక్క పొరతోనే 4 శాతం ప్రతిఫలనం ఒకటిన్నర శాతం లోపుకు దిగుతుంది. ఇప్పటి బహుళ పొరల పూతతో అర శాతానికి తగ్గిందనుకుంటే, ఆ పది ముఖాల లెన్సునుంచే 95 శాతం వెలుగు దాటుతుంది. లెన్సును ఏటవాలుగా పట్టుకుంటే కనిపించే ఊదా, ఆకుపచ్చ ఛాయలు ఆ పూత ఇంకా అణచలేని మిగులు వెలుగు రంగులే.

మనం కొత్తగా పూత వేయలేము గాని, ఉన్నదానిని వ్యర్థం చేయకుండా ఉండగలం. దుకాణంలో లెన్సుతో పాటు అంటగట్టిన చౌక యూవీ ఫిల్టరు రెండు కొత్త ప్రతిఫలన ముఖాలను తెచ్చి లెన్సు ముందు నిలుపుతుంది. ఉప్పుగాలిలో తప్ప దానిని తీసేయడమే నా సలహా. లెన్సు ముందు బిగించే నీడగొట్టమైన హుడ్‌ను మాత్రం నీడలో కూడా తీయవద్దు. హుడ్ లేనప్పుడు ఎండ గాజుమీద పడకుండా అరచేయి అడ్డుపెట్టి, ఆ చేయి ఫ్రేములోకి రాకుండా చూసుకుంటే అంతే ఫలితం ఉంటుంది.

ఎంత తేడా వస్తున్నదో అంకెల్లో తెలుసుకోవాలనుకుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. అట్టపెట్టె లోపల అంతా మెరవని నల్లరంగు పూసి, ముందువైపు రూపాయి బిళ్ల పట్టేంత రంధ్రం చేసి, వెలుగు వచ్చే కిటికీకి ముందు ఆ రంధ్రం మనవైపు ఉండేలా పెట్టి ఫోటో తీయండి. రంధ్రం పూర్తి నలుపు, అంటే బొమ్మలో సున్నాకు దగ్గరి విలువ రావాలి. కంప్యూటరులో దాని విలువ 255కు 30 (సున్నా పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు) అని కనబడితే, ఆ 30 లెన్సు లోపల దారితప్పిన వెలుగు తెచ్చిపెట్టినది. ఫిల్టరు తీసి, గాజు తుడిచి, హుడ్ పెట్టి ఒక్కొక్కసారి మళ్లీ తీసి చూస్తే, ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది.

ఎపర్చరు ఎంపిక, లెన్సు పరీక్ష

ఎపర్చరు పూర్తిగా తెరిచినప్పుడు గోళీయ విపథనం (లెన్సు అంచుగుండా, మధ్యగుండా వచ్చే కిరణాలు ఒకేచోట కలవకపోవడం), ఫోకసుకు ముందువెనుకల ఉన్న వస్తువుల అంచుల వెంట రంగుల చీలిక ఎక్కువగా ఉంటాయి. మూసేకొద్దీ అవి తగ్గుతాయి గాని వివర్తనం (సన్నని రంధ్రం దాటిన వెలుగు పక్కలకు పరుచుకోవడం) పెరుగుతుంది. లోపం లేని లెన్సు కూడా బిందువును బిందువుగా కాక చిన్న వలయంగానే చూపుతుంది. ఆ వలయపు వ్యాసం తెలియాలంటే 2.44ను తరంగదైర్ఘ్యంతోనూ ఎఫ్ సంఖ్యతోనూ (ఇది పెరిగేకొద్దీ ఎపర్చరు చిన్నదవుతుంది) గుణించాలి. ఆకుపచ్చ వెలుగుకు ఎఫ్/8 దగ్గర అది సుమారు 11 మైక్రోమీటర్లు, ఎఫ్/22 దగ్గర దాదాపు 30. ఫుల్‌ఫ్రేము 24 మెగాపిక్సెల్ సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 6 మైక్రోమీటర్లే కనుక, "అంతా ఫోకసులో ఉండాలి" అని ఎఫ్/22 దాకా మూస్తే ఉన్న పదును కూడా పోతుంది. చాలా లెన్సులు పూర్తి తెరుపు కంటే రెండు మూడు మెట్లు (ఒక్కొక్క మెట్టుకు వెలుగు సగమవుతుంది) మూసినప్పుడు, అంటే ఎఫ్/5.6, ఎఫ్/8 ప్రాంతంలో, తమ ఉత్తమ ఫలితం ఇస్తాయి.

మీ లెన్సు సంగతి మీరే తేల్చుకోవచ్చు. గోడకు దినపత్రిక పుటలు ముడతలు లేకుండా అంటించి, కెమెరాను స్టాండు మీద నిలిపి, రెండు సెకన్ల టైమరుతో ఒక్కొక్క ఎపర్చరు దగ్గర ఒక్కొక్క ఫోటో తీసి, మధ్యభాగాన్ని, నాలుగు మూలలను పూర్తి సైజులో పోల్చండి. కెమెరా గోడకు సరిగ్గా ఎదురుగా ఉన్నదో లేదో తెలియాలంటే గోడకు చిన్న అద్దం ఆనించి చూడండి. కెమెరాలోంచి చూస్తే లెన్సు తన ప్రతిబింబాన్ని ఫ్రేము నట్టనడుమ చూసుకోవాలి. ఒకే మూల మసకగా వస్తే కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. ఈసారి కూడా ఫోటోలోని అదే మూల మసకబారితే లోపం లెన్సుది. మసక గోడమీది అదే చోటుతో పాటు ఎదురు మూలకు మారితే లోపం మన అమరికది.

పొందూరు చీర మీద లేని చారలు

వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, 100 కౌంటు దాకా సన్నని నూలు వడికే పొందూరులో ఒక నేత కుటుంబం కోసం చీరల ఫోటోలు తీసినప్పుడు నాకు ఈ పాఠం దొరికింది. తెల్లచీర ఒంటిపై అలలు అలలుగా నారింజ, నీలి చారలు వచ్చాయి. ఆ ఇంటి పెద్దావిడ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "మా నేతలో ఈ సారలు నేవు కదా మేస్టారూ, ఫొటోలోకి ఎలాగొచ్చాయి?" అని అడిగింది. అటువంటి ఫోటో చూసి చీర కొనేవారు నేతలో లోపముందనే అనుకుంటారు గనుక, ఆమె ప్రశ్నకు జవాబు వెతకడం నా బాధ్యత అయింది.

వీటిని మోయిరే చారలంటారు. పోగుల వరుస ఒక జాలి, పిక్సెళ్ల వరుస మరొక జాలి. రెండు దోమతెరలు ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే కనిపించే అలలే ఇక్కడా కనబడతాయి. లెక్క కోసం సెంటీమీటరుకు 30 పోగులున్న బట్ట అనుకుందాం. 120 సెంటీమీటర్ల వెడల్పును 6000 పిక్సెళ్ల ఫ్రేములో నింపితే 3600 పోగులకు పోగుకు 1.7 పిక్సెళ్లు కూడా దక్కవు. ఒక పోగును, దాని పక్క సందును వేరుగా చూపడానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. ఎరుపు, నీలం రంగులను సెన్సర్ ఒక పిక్సెల్ విడిచి ఒక పిక్సెల్‌లోనే గ్రహిస్తుంది కనుక, రంగు చారలు రాకూడదంటే పోగుకు నాలుగు పిక్సెళ్లు ఇవ్వడం క్షేమం.

పరిష్కారం లెక్కలోనే ఉంది. ఫ్రేములో 50 సెంటీమీటర్ల బట్ట మాత్రమే పట్టేలా దగ్గరికి వెళితే 1500 పోగులకు 6000 పిక్సెళ్లు, అంటే పోగుకు నాలుగు వస్తాయి. నేత అందం చూపే ఫోటోకు ఇదే సరైన దారి. చీర మొత్తం ఒకే ఫోటోలో కనబడాలంటే, అంతకుముందు మనం తప్పించుకోమన్న వివర్తనాన్నే సాయానికి పిలవాలి. ఫుల్‌ఫ్రేము కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఆ పోగులు మిల్లీమీటరుకు సుమారు 153 చొప్పున పడతాయి. ఎఫ్/16 దగ్గర ఏ లెన్సు అయినా ఆకుపచ్చ వెలుగులో మిల్లీమీటరుకు 114 గీతలకు మించిన వివరాన్ని మోయలేదు. పోగులు సెన్సర్‌కు చేరకముందే కరిగిపోతాయి కనుక చారలు పుట్టవు. ఫోటో మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది, ఆ మాత్రం పదును తరువాత కంప్యూటరులో పెంచుకోవచ్చు. కొన్ని కెమెరాలలో సెన్సర్ ముందు సన్నని వివరాన్ని కాస్త చెదరగొట్టే వడపోత గాజు ఉంటుంది, అదీ ఈ పని కోసమే. పదును కోసం ఆ గాజు లేకుండా తయారైన కెమెరాలతో నేతబట్టలు తీసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకొక మాట. చారలు ఫోటోలో ఉన్నాయా, తెర చిన్నదిగా చూపడం వల్ల కనబడుతున్నాయా అన్నది పూర్తి సైజులో పెట్టి చూస్తేగాని తెలియదు. తెరలో మాత్రమే ఉంటే, చిన్న సైజు ప్రతిని విడిగా తయారుచేసి పంపండి.

తేలినీలాపురంలో చింతచెట్ల మీది గూడబాతులను దూరపు లెన్సుతో తీసేవారికి ఒక్క సూచన చాలు: ఎండ ముదరకముందే పని ముగించండి. నేల వేడెక్కాక గాలి పొరలే వంకరటింకర లెన్సులై కదులుతుంటాయి, ఆ మసకను ఏ లెన్సూ సరిచేయలేదు.

ప్రొజెక్టరు, గది

విజయనగరంలో ఒక కళాశాల సభామందిరంలో ప్రొజెక్టరు చాలడం లేదని నన్ను పిలిచారు. తెర 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు. ప్రొజెక్టరు చిమ్మే మొత్తం వెలుగు 3000 ల్యూమెన్లు. అంటే 3 చదరపు మీటర్లమీద 1000 లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు). తక్కువేమీ కాదు. అయితే తెరకు పక్కనే ఉన్న కిటికీ, పైనున్న ట్యూబులైటు కలిసి తెరమీద 200 లక్స్ పోస్తున్నాయి. తెలుపు 1200, నలుపు 200, అంటే వ్యత్యాసం ఆరింతలు మాత్రమే. ఆ కిటికీకి మందపు పరదా వేసి, ఆ ఒక్క ట్యూబులైటు ఆర్పగానే గది వెలుగు 20 లక్స్‌కు దిగింది. తెలుపు 1020, నలుపు 20, వ్యత్యాసం 51 రెట్లు. రెట్టింపు బలమున్న కొత్త ప్రొజెక్టరు కొని ఉంటే, ఆ పాత వెలుగులో 11 రెట్లకు మించి వచ్చేది కాదు. విద్యార్థులు రాసుకోవడానికి వెనుక దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

తెర దగ్గరి గోడలకు, పైకప్పుకు ముదురు రంగు వేస్తే ప్రొజెక్టరు వెలుగే తిరిగివచ్చి నలుపును పాడుచేయడం తగ్గుతుంది. బొమ్మ ట్రపీజియంలా వస్తే బొమ్మ ఆకారాన్ని లెక్కతో సరిదిద్దే కీస్టోన్ మీట నొక్కడం మానుకోండి. అది బొమ్మను లోపలే కుదించి పిక్సెళ్లను వృథా చేస్తుంది, చిన్న అక్షరాల అంచులు అరిగిపోతాయి. ప్రొజెక్టరును తెర మధ్యరేఖకు తెచ్చి, లెన్సు జరిపే సౌకర్యముంటే దానితో, లేకుంటే బల్ల ఎత్తుతో సరిచేయండి. ఫోకసును వేయగానే కాక 15, 20 నిమిషాలు వేడెక్కాక సరిచేయాలి, వేడికి లెన్సు అమరిక కొద్దిగా మారుతుంది. గాలి వడపోతలో దుమ్మును క్రమం తప్పక దులపండి.

ఎండలో ఫోను, బల్లమీద మానిటరు

నడిఎండలో సున్నం వేసిన గోడమీద లక్ష లక్స్ పడితే ఆ గోడ సుమారు 25,000 నిట్ల (నిట్ అంటే ఉపరితలపు మెరుపుకు కొలత) కాంతితో మెరుస్తుంది. మీ ఫోను గాజు అందులో 4 శాతాన్ని కంటికి తిప్పితే 1000 నిట్లు. ఫోను తెర పూర్తి కాంతి కూడా ఇంచుమించు అంతే కావచ్చు. అందుకే కాంతి మీట పైకి జరపడం కంటే, మీ వెనుక గోడ కాక చెట్టునీడో ముదురు గొడుగో ఉండేలా తిరిగి నిలబడడం ఎక్కువ పనిచేస్తుంది. మెరుగైన ఓలెడ్ తెరలలో వెలుగును ఒకే దిశలో కంపింపజేసే పొర, దానివెనుక ఆ కంపనాన్ని మార్చే నాలుగో వంతు తరంగపు పొర ఉంటాయి. లోపలి లోహం నుంచి తిరిగివచ్చే వెలుగును ఆ జత బయటకు రానీయదు. గరుకు ముఖమున్న మ్యాట్ తెర మాత్రం ప్రతిఫలనాన్ని తొలగించదు, దానిని చెదరగొట్టి తెరంతా పరుస్తుంది. దీపం ఆకారం కనబడకపోయినా నలుపు కాస్త పలచబడుతుంది. కిటికీ పక్కన కూర్చోక తప్పనివారికి మ్యాట్ తెర, వెలుగును అదుపు చేసుకోగలవారికి ప్రతిఫలన నిరోధక పూత ఉన్న నున్నని తెర మంచివని నా అభిప్రాయం.

ఫోటోలు దిద్దే మానిటరును కిటికీకి ఎదురుగానూ, కిటికీని వెనుక ఉంచుకునీ పెట్టవద్దు. అది పక్కకు ఉండాలి. కాంతి 120 నిట్లు, తెలుపు రంగు ఉష్ణోగ్రత 6500 కెల్విన్, మధ్యఛాయల వెలుగును నిర్ణయించే గామా 2.2 దగ్గర నిలిపి, రంగుల పరిధిగా 1996 నాటి ఎస్ఆర్‌జీబీ ప్రమాణాన్ని ఎంచుకుంటే, మీ ఫోటో ఇతరుల తెరలమీద కూడా ఇంచుమించు అలాగే కనబడుతుంది. కొలిచే పరికరం లేకపోతే, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉన్న పట్టీని తెరమీద పెట్టి, అడుగున ఉన్న నాలుగైదు ముదురు మెట్లు ఒకదానినుంచి ఒకటి వేరుగా కనబడేదాకా మీటలు సవరించండి.

పొందూరు పనికి నేను చివరగా చేసేది ఇది: ఫోటో తీసిన చీర అంచును మధ్యాహ్నం నీడపట్టున, ఉత్తరపు కిటికీ వెలుగులో మానిటరు పక్కన పట్టుకుంటాను. ఖద్దరు అచ్చమైన తెలుపు కాదు, కొద్దిగా గోధుమ ఛాయ ఉంటుంది. తెరమీద ఆ ఛాయ నీలానికి తిరిగి ఉంటే తెలుపును మళ్లీ సరిచేసి, బట్ట, బొమ్మ ఒకే రంగులో కనబడిన తరువాతనే ఫోటోను నేతవారికి పంపుతాను.